మూడు గంపలు, రెండు బొండాలు

టెక్కలి ఆసుపత్రిలో పొద్దున్న మొదటి షిఫ్టు.
బరువు మిషను ఎక్కగానే
గున్నమ్మత్త నేరం ఒప్పేసుకుంది.
"మూడు కిలోలేటి? ఓలె గుంటా,
రాత్రి ఒక్క ఎండు కవ్వలే, ఒట్టు.
ఆ తరవాత దాహం. తాగీసినాను."

నౌపడ ఉప్పు మళ్లలో ముప్పై ఏళ్లు
గట్టు మీదికి గంపలు మోసిన నెత్తి.
మడమల పగుళ్లలో ఇంకా ఏదో తెల్లగా మెరుస్తుంది,
కడిగినా పోదు.
ఆమె చీటీ మీద మొదటి మాట: ఉప్పు వద్దు.
రెండో మాట: కొబ్బరినీళ్లు వద్దు.

సూదులు రెండూ గుచ్చి గొట్టాలు కలిపాను.
ఆ సిలిండరులో వేలకు వేలు దారాలు,
మూడు వెంట్రుకలు పేనినంత లావు,
ప్రతి దారమూ బోలు.
లోపల నెత్తురు కిందికి, వెలుపల నీళ్లు పైకి,
నడుమ పొర.
విషం ఎవరూ తొయ్యకుండానే
కిక్కిరిసిన చోటినుంచి ఖాళీలోకి జారుకుంటుంది,
పలాసలో రైలాగితే
జనరల్ పెట్టె పలచబడినట్టు.
ఎర్రకణం మాత్రం
ఇరుకు గుమ్మం ముందు నవారు మంచం,
ఎటు తిప్పినా దూరదు.

"ఇంతేనేటి? జల్లెడ" అంది.
జల్లెడే, ఒప్పుకున్నాను.

ఒంట్లో ఉన్నది జల్లెడ కాదత్తా.
కణం గోడ నూనె గోడ,
తడికి మొహం చూపించి, తోకలు లోపల దాచుకుని
వీపుకు వీపు నిలబడ్డ రెండు వరసలు.
గాలి అడక్కుండానే దూరుతుంది.
నీళ్లకి సొంత సందులున్నాయి.
చక్కెరకి చెయ్యి పట్టుకు దాటించేవాడు కావాలి.
ఆ గోడలోనే ఒక కూలోడు,
మూడు ఉప్పు గంపలు బయట దింపుతాడు,
వచ్చేటప్పుడు ఉత్త చేతుల్తో రాడు,
రెండు కవిటి బొండాలు లోపలికి తెస్తాడు.
(పొటాషియం అంటే ఆమెకి నోరు తిరగదు,
నాకు కొబ్బరిబొండాం అనడమే బాగుంది.)
నువ్వు నిద్రపోయినా వాడు నిద్రపోడు.
మానేశాడా, నీరు దూరి గది ఉబ్బిపోతుంది.

గున్నమ్మత్త చాలాసేపు పైకప్పు ఫ్యాను చూసింది.
"ఉప్పు బయటెక్కువా, లోపలెక్కువా?"
బయటే.
"ఎక్కువున్న కాడికే మోత్తాడేటి? ఎర్రోడు!"
కాసేపాగి,
"నానూ అంతేలే.
రాశి పక్కన్నుంచి మోసుకెల్లి రాశి మీదే పోసినాను."

"కూలెవులిత్తారు?"
నువ్వే. పొద్దున తాగిన గంజి.
"ఎందరుంటారు?"
లెక్క లేదత్తా. ఒక్కో కణానికి లచ్చలు.
ఆమె నవ్వింది.
పక్క మంచం మీద పడుకున్న
కంచిలి కండక్టరు దాలినాయుడు కళ్లు తెరిచేంత నవ్వు.
"పుట్టి బుద్దెరిగాక నాను ఒకల కింద సేసినదాన్నే,
నా కింద ఇంత మందున్నారని
ఒక్కలూ సెప్పనేదు!"

మూడో గంటలో పిక్క పట్టేసింది.
బీపీ పడింది, పెదాలు బూడిద రంగుకి తిరిగాయి.
మంచం తలవైపు దించి, సీసా తగిలించి
చిన్న చక్రం వదులు చేశాను.
"ఏటదీ?"
ఉప్పునీళ్లు.
"వద్దన్నారు గదే" అంది, కళ్లు మూసుకునే.
జవాబు నాకు చదువులో ఉంది గానీ
నోటికి రాలేదు.

ఎండ కిటికీ దాకా వచ్చింది.
సూదులు తీసి, దూది నొక్కి పట్టుకున్నాను.
కట్టు కింద, ధమనికి సిరని కుట్టిన చోట
ఎప్పుడూ ఉండే ఆ చిన్న వణుకు.
నా వేళ్లని తన వేళ్లతో ఇంకాస్త అదిమింది.
"ఇనపడతందా? మడి కాడ ఇంజిన్ సప్పుడు.
తెల్లారగట్ల సముద్రపు నీరు తోడేది.
అది ఆగితే అందరం గట్టు మీద కూకునీవోళ్లం."

ఆగలేదు.
ఇంకో నిమిషం పట్టుకునే ఉన్నాను.
బయట మెళియాపుట్టి బస్సు హారన్,
తర్వాతి మనిషి బరువు మిషను మీద,
చెప్పులు విప్పుతూ.